నలభై కాగితం వత్తులు

మా ఇంట్లో తుపాకీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే సింగపూర్‌లో ఇది చదివేవాళ్లకు గుండె జారిపోతుంది. ఇక్కడ తుపాకీ సంగతి అటుంచి, పేలిపోయిన తూటా తాలూకు ఖాళీ గొట్టం జేబులో దొరికినా మనల్ని కాపాడే నాథుడు ఉండడు. మా క్లెమెంటి ఫ్లాటులో ఉన్నవల్లా పల్చటి కాగితం, తేనెమైనం, ఆముదం, ఒక చెక్క పుల్ల. ఈ నాలుగింటితోనే కొన్నేళ్లుగా నేను పక్క ఖండంలో ఉన్న ఒక తుపాకీకి ఊడిగం చేస్తున్నాను.

ఆ తుపాకీ ఆస్ట్రేలియాలో, పెర్త్ శివార్లలో ఉంటుంది. దాని యజమాని ఎనభైకి దగ్గరపడిన పెద్దాయన. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా బ్యాంకువాళ్లు నన్ను రెండేళ్లు పెర్త్ పంపినప్పుడు నేను అద్దెకున్నది ఆయన ఇంట్లోనే. ఒక ఆదివారం ఊరికే కూర్చుని టీవీ చూస్తుంటే, లేచి రమ్మని షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. అక్కడ మొదటి గుండు పేలగానే తెల్లటి పొగ కమ్మేసింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు ఎనిమిదేళ్లు వచ్చేశాయి. కాకినాడలో మా మేనమామ పెరట్లో దీపావళికి మతాబులు కూరి కాల్చేటప్పుడు వచ్చే వాసనే అది. ఆ పొగలో నిలబడి నేను నవ్వుతుంటే, వీడికి పిచ్చిపట్టిందా అన్నట్టు చూశాడు పెద్దాయన.

అది పొగ చిమ్మే పాతరకం తుపాకిమందుతో కాల్చే పాతకాలపు రైఫిలు. ఒకసారికి ఒకటే తూటా పడుతుంది. తూటాలు కొనుక్కునేవి కావు, ఎవరివి వాళ్లు చేత్తో కూర్చుకోవాలి. కాల్చిన ఇత్తడి గొట్టాలనే కడిగి, ఆరబెట్టి, మందు పోసి, మందు మీద అట్టబిళ్ల, దాని మీద మైనపు బిళ్ల, ఆపైన సీసపు గుండు పెట్టి మళ్లీ నింపుకోవాలి. గురి అనేది కంట్లోనో, మీట నొక్కే వేలిలోనో ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. పెద్దాయన దగ్గర ఆ నమ్మకం చెల్లదు. ఆయన లెక్కలో గురి అంతా ముందురోజు బల్ల దగ్గరే అయిపోతుంది. నలభై తూటాలూ నలభై కవలల్లా ఉంటే గుండ్లన్నీ ఒకే చోటికి పోతాయి. ఒక్కటి తేడాగా ఉన్నా ఆ గుండు చుట్టపుచూపుగా పక్క ఊరికి పోతుందంటాడు.

అన్నింటికన్నా కష్టమైన పని గుండుకి కాగితం చుట్టడం. తడిపిన పల్చటి కాగితాన్ని సీసపు గుండుకి సరిగ్గా రెండు చుట్లు చుట్టాలి. అంచు వచ్చి అంచుకి ఆనాలే తప్ప దాని మీదికి ఎక్కకూడదు, మధ్యలో సందూ ఉండకూడదు. తుపాకీ దాటి బయటికి రాగానే ఆ కాగితం చిన్న ముక్కలుగా చిరిగి నేలరాలిపోతుంది, గుండు ఒక్కటే ముందుకు పోతుంది. కాల్పులయ్యాక పెద్దాయన తుపాకీ ముందు నేలమీద వంగి ఆ ముక్కలు ఏరి చూసుకుంటాడు. ముక్కలు శుభ్రంగా ఉంటే చుట్టడం కుదిరినట్టు. పెళ్లి భోజనాలయ్యాక విస్తళ్లు చూసి వంట ఎలా కుదిరిందో చెప్పే వంటవాళ్లు ఉంటారే, అలాగన్నమాట.

సింగపూర్ తిరిగొచ్చేశాక కూడా ఈ యావ నన్ను వదల్లేదు. ఏడాదికోసారి అక్టోబరు ఆఖరులో అక్కడ పోటీ జరుగుతుంది. నేను వారం రోజులు సెలవు పెట్టి వెళ్లేవాణ్ణి. కాగితాలు ఇక్కడే కత్తిరించుకుని, మైనం బిళ్లలు ఇక్కడే పోసుకుని, అక్కడికెళ్లి గుండ్లకి చుట్టేవాణ్ణి. పోటీలో కాల్చేది ఆయన. నేను పక్కన కూర్చుని దుర్భిణీలో చూసి గుండు ఎక్కడ తగిలిందో చెప్పాలి. ప్రతి గుండుకీ గుండుకీ మధ్య, లోపలి మసి ఆరిపోకుండా, తుపాకీలోకి నాలుగుసార్లు నెమ్మదిగా ఊదాలి. నేను చదివిన ఇంజనీరింగు అంతా చివరికి ఆ ఊదుడుకి పనికొచ్చిందని మా ఆవిడ అంటూ ఉంటుంది.

ఇక మా అత్తగారు. రాజోలు మనిషి. మూడేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. వచ్చినప్పటి నుంచీ లక్షవత్తుల నోములో ఉన్నారు. అంటే లక్ష దూది వత్తులు తన చేత్తో చేసి, కార్తీకమాసంలో దేవుడి ముందు వెలిగించాలి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, హాల్లో బల్ల ముందు కూర్చుని, స్టీలు కంచం బోర్లించి, అరచేతికి విభూతి రాసుకుని వత్తులు చేస్తారు. వంద కాగానే దారంతో కట్ట కట్టి బిస్కెట్ల డబ్బాలో పెడతారు. ఈ లెక్కలో ఆవిడ ఎంత కచ్చితమంటే, ఒకసారి మా అమ్మాయి ముచ్చటపడి పది వత్తులు చేసిస్తే బుగ్గ గిల్లి, ముద్దుపెట్టుకుని, ఆ పదీ తీసి రోజువారీ దీపంలో వేసేశారు. నేనూ ఓ చెయ్యి వేస్తానంటే నవ్వి, "వద్దులెండి అల్లుడుగారూ, పరాయి వత్తి ఒక్కటి కలిసినా నా లెక్క సెడిపోద్దండి" అన్నారు.

ఆవిడకీ నాకూ మొదటి తగాదా మైనం దగ్గర వచ్చింది. తేనెమైనంలో ఆముదం కలిపి కాచి చల్లార్చితే తుపాకీలో మసి మెత్తగా ఉంచే జిడ్డు తయారవుతుంది. రెండేళ్ల కిందట ఓ శనివారమంతా వంటింట్లో నిలబడి, మా ఆవిడ చేత నానా మాటలూ పడి ఒక డబ్బాడు కాచాను. పదిరోజుల తర్వాత బిళ్లలు కోసుకుందామని డబ్బా తీస్తే అడుగు కనిపిస్తోంది.

"అత్తయ్యగారూ, ఈ డబ్బాలో మైనం ఉండాలి, చూశారా?"

"ఆ మలామాండీ? బెమ్మాండంగా పనిచేసిందండీ! నా మడమలు చూడండి, పట్టులాగున్నాయి" అని పాదం ముందుకు పెట్టారు. "కిందింటి ఆంటీకి కూడా కాస్త ఇచ్చేనండీ. పాపం ఆవిడవి మరీ నెర్రెలిచ్చేసేయి. ఇంకాస్త కాయండి అల్లుడుగారూ, మీ చేతిలో మంచి గుణముంది."

పోటీకి పది రోజులుంది. మళ్లీ లిటిల్ ఇండియా పరుగెత్తి మూడు సీసాల ఆముదం కొన్నాను. రెండు వారాల్లో ఇది రెండోసారి. కొట్లో అంకుల్ సీసాలవైపు, నావైపు చూసి, ఇంట్లో అందరికీ కడుపు బాగానే ఉందా అని జాలిగా అడిగాడు. అప్పటి నుంచీ రెండు డబ్బాలు కాస్తున్నాను, ఒకటి తుపాకీకి, ఒకటి మడమలకి.

అసలు కష్టం ఈ ఏడాది వచ్చింది. మా బ్యాంకులో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే ముహూర్తం సరిగ్గా పోటీ వారానికే పెట్టారు. సెలవు మాట ఎత్తగానే మా బాసు నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను మళ్లీ అడగలేదు. పెద్దాయనకి ఫోన్ చేసి, ఈసారి రాలేనని చెప్పాను. ఆయన, అయితే తానూ పేరు వెనక్కి తీసుకుంటానన్నాడు. పక్క క్లబ్బులో ఒకతను తుపాకీ అమ్ముతావా అని ఇప్పటికే రెండుసార్లు అడిగాడట, ఇచ్చేస్తానన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరీ బాధేసింది.

కారణం ఆయన చేతులు. రెండేళ్లుగా వణుకుతున్నాయి. కాల్చేటప్పుడు తుపాకీ కర్రల మీద ఆని ఉంటుంది కనుక ఫరవాలేదు. మందు త్రాసు తూస్తుంది, గుండుని యంత్రం నొక్కుతుంది. వాటికి వణుకుతో పనిలేదు. ఒక్క కాగితం దగ్గరే చిక్కు. ముందురోజు మూడు గంటలు కూర్చుని పదకొండు గుండ్లకి చుట్టాడట, పదకొండూ పారేశాడట. కాగితం తానే చుట్టలేనివాడికి ఈ తుపాకీ ఎందుకన్నాడు. క్లబ్బులో ఇంకెవరినైనా అడగమని చెప్పబోయి ఆగాను. ఆయన అడగడు. నన్ను చేయనిచ్చినదీ, నేను ఆయన శిష్యుణ్ణి కనుకనే.

తుపాకీ అమ్మనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఆ తుపాకీ పోతే ఆయన ఆదివారాలు ఏమవుతాయి? ఆయనకి వేరే ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే నా ఏడాదికో వారం కూడా పోతుందనే స్వార్థమూ ఉంది.

మొదట నా తెలివి నేను ఉపయోగించాను. కాగితం కొలత చూసుకోవడానికి చెక్క పుల్లని గుండు లావుకి సరిగ్గా అరగదీసి ఉంచుకున్నాను కదా, దాని మీద కాగితం చుట్టి, ఆరాక మెల్లగా ఊడదీసి, నలభై కాగితపు తొడుగులు దూదిలో పెట్టి పోస్టు చేశాను. చేరాక పెద్దాయన ఫొటో పంపాడు. పెట్టె నిండా తొడుగులు విడిపోయి, అణిగిపోయి, ఎండిన ఉల్లిపొట్టులా ఉన్నాయి. కింద ఒక్క ముక్క రాశాడు, ప్రయత్నానికి థాంక్స్ అని.

ఆ ఆదివారం పొద్దున వీడియో కాల్ చేశాను. పెర్త్‌కీ మాకూ గడియారం ఒకటే కనుక ఆయన కూడా టిఫిన్ తిని కూర్చున్నాడు. నేను కూర్చున్నది హాల్లో బల్ల దగ్గరే. బల్లకి ఆ చివర అత్తగారు వత్తులు చేసుకుంటున్నారు. ఒకసారి చుట్టి చూపించమన్నాను. ఆయన గుండుని గాల్లో రెండు చేతుల వేళ్లతో పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. అదే ఆయన పద్ధతి, యాభై ఏళ్ల అలవాటు. కాగితం ఒక చుట్టు తిరిగి పక్కకి జారింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ జారింది. నేను తల దించుకున్నాను.

"ఎవరండీ ఆ పెద్దాయన? ఆయనా వత్తులు చేసుకుంటున్నారా?" అత్తగారు వెనకనించి తొంగిచూస్తున్నారు.

నేను సంగతి చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోన్ దగ్గరికి వంగారు.

"చేతులు వణుకుతున్నాయండీ ఆయనకి. నాకూ అంతే."

"మీకా?"

ఆవిడ చెయ్యి చాపి చూపించారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను చూడలేదు. కాఫీ గ్లాసు ఎప్పుడూ సగమే పొయ్యమని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది. నేను అది మితంగా తాగడం అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"మరి వత్తులెలా చేస్తున్నారు? అన్నీ ఒక్కలాగే ఉంటాయిగా."

"ఏళ్లు వణుకుతాయి గానీ అరచెయ్యి వణుకుద్దేంటండీ? గాల్లో చుట్టొద్దని చెప్పండి ఆయనకి. కంచం బోర్లించుకోమనండి. అరచెయ్యి ఆనించి ముందుకి తొయ్యాలి, అంతే. ఎనక్కి లాక్కూడదు. ఎనక్కి లాగితే వత్తి విడిపోద్ది."

నేను తర్జుమా చేశాను. పెద్దాయన కాస్త మొహమాటపడి, లేచి వెళ్లి బిస్కెట్లు కాల్చుకునే రేకు తెచ్చి బోర్లించాడు. విభూతి ఉందా అని అడగమన్నారు అత్తగారు. సుద్దపొడి ఉందన్నాడు. సరే అదే రాసుకోమన్నారు. ఆయన రాసుకుని చెయ్యి ఆనించగానే ఈవిడ నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"శివశివా! ఎడంచేత్తోనా!"

"ఆయనది పుట్టుక నుంచీ ఎడమచేతివాటం అత్తయ్యగారూ. పైగా ఇది దేవుడి పని కాదు, తుపాకీ పని."

"ఏ పనైతే ఏంటండీ, మొదలెట్టేది కుడిచేత్తోనే. చెప్పండి."

ఎనభై ఏళ్ల మనిషికి చెయ్యి మార్చుకోమని ఎలా చెప్పాలో తెలియక నసిగాను. ఆవిడే ఫోన్‌కి తన కుడి అరచెయ్యి చూపించి, గట్టిగా రెండుసార్లు ఆడించారు. ఆయన బడిపిల్లాడిలా ఎడమచెయ్యి తీసేసి కుడిచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి జన్మలో పెద్దగా పని చేసినట్టు లేదు, అందుకేనేమో దానికి వణుకు తక్కువ. మొదటిది వంకరగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోది రేకు మీద దొర్లుతూ పోయి ఆగింది. ఆయన దాన్ని ఎత్తి కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

అయితే ఒక చిక్కు మిగిలింది. కాగితం చివరలు ఏటవాలుగా కత్తిరిస్తాం. చెయ్యి మారడంతో చుట్టే దిక్కు కూడా మారేసరికి ఆ వాలు తిరగబడి, చివరి మొన గుండు ముక్కు దగ్గర రెక్కలా లేచి నిలబడుతోంది. అలా ఉంటే తుపాకీలో పెట్టేటప్పుడు చిరిగిపోతుంది. నేను వెంటనే రంగంలోకి దిగాను. ఎదురు వాలుతో కొత్త అచ్చు గీసుకుని, ఆఫీసు నుంచి వచ్చి మూడు సాయంత్రాలు కూర్చుని వంద కాగితాలు కొత్తగా కత్తిరించాను. మెడ పట్టేసింది. కొరియర్ వాడికి అందించి వచ్చి, ఘనకార్యం చేసినవాడిలా సోఫాలో కూలబడ్డాను.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్లు. బల్లమీద మిగిలిన పాత కాగితం ఒకటి తీసి చూసింది.

"డాడీ, వై యూ కట్ అగైన్? జస్ట్ ఫ్లిప్ లా" అని సింగపూర్ యాసలో అంటూ కాగితాన్ని వెనక్కి తిప్పి బల్లమీద పెట్టింది. వాలు ఎదురు దిక్కుకి మారిపోయింది.

నేను పాతికేళ్లుగా బ్యాంకులకు వ్యవస్థలు డిజైన్ చేస్తున్నాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి పెద్దగా తిప్పింది, నవ్వు వినబడకుండా. అత్తగారు మాత్రం, "పోనీలెండి, కొత్త కాగితాలు కొత్తగా ఉంటాయి" అని ఓదార్చారు. పెద్దాయనకి ఒప్పుకోలుగా చెప్తే ఆయన సమాధానం ఇంకా దారుణంగా ఉంది. ఆ ఆదివారం ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకే కాగితం తిప్పి చుట్టేశాడట. నేను అంత ఉత్సాహంగా ఉంటే కాదనలేకపోయాడట.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు పాఠం సాగింది. మధ్యలో ఉండి నేను తర్జుమా చేయాల్సినవి తుపాకీ మాటలు తక్కువ, ఇంటి మాటలు ఎక్కువ. పొద్దున్న ఏం తిన్నారు, ఒట్టి బ్రెడ్డా, బ్రెడ్డు తింటే చేతులకి బలమెక్కడినించి వస్తుంది, ఇలాంటివి. మూడో ఆదివారం నేను కింద హాకర్ సెంటర్‌లో కాఫీ, బ్రెడ్ టోస్టు కట్టించుకుని వచ్చేసరికి ఫోన్ నీళ్లచెంబుకి ఆనించి ఉంది. కాల్ మోగితే మా అమ్మాయి కలిపి ఇచ్చి వెళ్లిపోయిందట. ఇక్కడ ఈవిడ కంచం మీద, అక్కడ ఆయన రేకు మీద, ఇద్దరూ తలొంచుకుని పని చేసుకుంటున్నారు. ఒకరి భాషలో ఒకరికి ఒక్క మాటా రాదు కనుక ఎవరూ మాట్లాడటం లేదు. నేను చప్పుడు చేయకుండా పక్కకి వెళ్లిపోయాను. ఆ పూట నాకు కాస్త అసూయ వేసిందని కూడా చెప్పాలి.

పోటీ శనివారం. నేను రాఫెల్స్ ప్లేస్‌లో, మా బ్యాంకు పద్దెనిమిదో అంతస్తులో, కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఉన్నాను. అది నడుస్తోందో నిద్రపోతోందో ఎవరికీ తెలియడం లేదు. నా మనసు మాత్రం రేంజిలో ఉంది. ఆయన పక్కన ఊదేవాళ్లెవరు? గాలి ఎటు వీస్తోంది? మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. ఆయన అరచేతి ఫొటో. చేతినిండా చిన్నచిన్న కాగితం ముక్కలు, పెళ్లిలో పోసుకునే తలంబ్రాలంత. శుభ్రంగా, సన్నగా చిరిగిన ముక్కలు. ఆ ఫొటో చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. కింద రాశాడు: నలభై కాల్చాను, నలభైకీ కాగితం నేనే చుట్టాను, తొమ్మిదో స్థానం, తుపాకీ అమ్మడం లేదని అతనికి చెప్పేశాను, అమ్మగారికి చెప్పు.

గెలిచినవాళ్లు గెలిచారు. నేను లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను. మా బాసు, సిస్టమ్ గురించి దిగులుపడ్డానని అనుకుని భుజం తట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు బల్ల దగ్గరే ఉన్నారు. కార్తీకం దగ్గరపడింది. లక్ష పూర్తి కావడానికి చివరి కట్ట మిగిలిందన్నారు. నేను ఫొటో పెద్దది చేసి చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఇయ్యేనాండీ ఆయన చేసినయ్యి?"

"అవేనండీ. నలభై."

"కాలిపోలేదేంటి మరి?"

"కాగితం కాలదండీ, చిరుగుతుంది. కాస్త అంచులు మాడాయి చూడండి."

"మాడేయా?"

"మాడాయి. ఇదిగో, ఇక్కడ నల్లగా."

ఆవిడ ఇంకాసేపు చూసి, ఫోన్ నా చేతికిచ్చారు. అరచేతికి విభూతి రాసుకున్నారు, రెండు వత్తులు చేశారు. తర్వాత కంచం పక్కన ఉన్నవన్నీ దగ్గరికి తీసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు, దారం చుట్టి ముడివేశారు. ఆ కట్ట మిగతా వాటిలో సగానికి కాస్త పైన ఉంటుందేమో, అంతే.

"అత్తయ్యగారూ, అది వంద ఉన్నట్టు లేదే?"

"అరవై" అన్నారు ఆవిడ, బిస్కెట్ల డబ్బా మూత పెడుతూ. "మిగతా నలభై అక్కడ ఎలిగిపోయేయి కదండీ."